ఏడువందల ఏళ్ళనాటి పల్లె కోసం రెండెకరాలు తాకట్టు పెట్టవచ్చునా?

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయికి 27 ఏళ్ళు. తరతరాలుగా కథోలిక క్రైస్తవులు ఎక్కువగా ఉంటున్న, గుంటూరు జిల్లాలోని ఒక గ్రామం వారిది. హైదరాబాదులో చరిత్ర ఎం.ఏ. పూర్తిచేసి, నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు సంస్థలో పోటీ పరీక్షల పాఠాలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నారు. నెలకు 48 వేలు చేతికి వస్తాయి. దక్షిణ ఫ్రాన్సులో పామియే బిషప్పుగా ఉన్న జాక్ ఫూర్నియే, 1318 నుంచి 1325 వరకు కొండ ఊళ్ళ జనాన్ని పిలిపించి జరిపిన మతవిచారణల (తిరుసభ, అంటే కథోలిక సంఘం, బోధకు విరుద్ధంగా నమ్ముతున్నారన్న అనుమానంతో వేసే ప్రశ్నల) వాంగ్మూలాలు కొన్ని రెండేళ్ళ కిందట ఇంగ్లీషు అనువాదంలో ఆమె కంట పడ్డాయి. మొంతాయూ అనే చిన్న పల్లెలోని గొర్రెల కాపరులు, వితంతువులు, ఊరి గురువు ఏం తిన్నారో, ఎవరితో పోట్లాడారో, చావు గురించి ఏమనుకున్నారో వాళ్ళ నోటి మాటగా చదివాక, చరిత్ర అంటే ఇదేనని ఆమెకు అనిపించింది.

ఇప్పుడు బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం మధ్యయుగ అధ్యయనాల్లో ఏడాది మాస్టర్స్ కోర్సుకు సీటు ఇచ్చింది. ఫీజు, బస, ప్రయాణం కలిపి 34 లక్షలు అవుతుందని ఆమె లెక్క. దాచుకున్నది 9 లక్షలు. మిగిలిన 25 లక్షలకు బ్యాంకు హామీ అడుగుతోంది. బడిపంతులుగా రిటైరైన తండ్రి తన రెండెకరాల కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు గానీ, పెట్టిన రోజు నుంచి సరిగా మాట్లాడటం లేదట. తల్లి సంబంధాలు చూస్తున్నారు. విచారణ గురువుగా (కొన్ని ఊళ్ళ చర్చికి గురువుగా) పనిచేస్తున్న చిన్నాన్న, "ఆ మతవిచారణల గొడవ చదివి తిరుసభ మీద నమ్మకం పోగొట్టుకోకమ్మా" అన్నారు. ఎం.ఏ.లో కలిసి చదివిన స్నేహితురాలు ఇంకో వైపు నుంచి పొడిచింది: "మన ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళే లేరు, నీకు ఫ్రాన్సు పల్లె ఎందుకే?"

ఆమె మాటల్లోనే చెప్పాలంటే అసలు బాధ ఇది: "పూజ, ఈస్టరు ముందటి తపస్సు కాలం, పునీతుల పండుగలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే ఆ మనుషులు నాకు చుట్టాల్లా అనిపిస్తారు. మరుక్షణం, లాటిన్‌లో ఒక్క ముక్క రాని నేను ఎవరి చరిత్ర చదవబోతున్నాను, నాదా, పరాయిదా అని భయం వేస్తుంది. నెలాఖరులోగా డిపాజిట్ కట్టాలి." చివర కొసరుగా ఇంకో ప్రశ్న ఉంది: మధ్యయుగపు 'సర్ఫు'ను, అంటే ప్రభువు భూమికి కట్టుబడ్డ రైతును, తెలుగులో ఏమనాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు కొంచెం సిగ్గుపడ్డాను. డిగ్రీ కాలేజీలో దాదాపు ముప్పై ఏళ్ళు నేను మధ్యయుగ ఐరోపా పాఠం చెప్పాను. ఆ పాఠం ఏటా ఒకే ప్రశ్నగా తేలేది: "ఫ్యూడలిజం లక్షణాలు, లాభనష్టాలు వివరింపుము." ప్రభువు, సామంతుడు, సర్ఫు అని నల్లబల్ల మీద ఒక గోపురం గీసి, కింది మెట్టు మీద ఉన్న మనిషికి పేరు ఉండేదన్న సంగతి చెప్పకుండానే గంట కొట్టించుకుని బయటికి వచ్చేవాణ్ణి. అలాంటి పాఠం చదివి కూడా మీరు ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్ళారంటే ఆ గొప్పతనం మీది, మా సిలబస్‌ది కాదు.

డబ్బు సంగతికి తరువాత వస్తాను. ముందు "నాదా, పరాయిదా" అన్న ప్రశ్న తేలాలి, ఎందుకంటే మీ చిన్నాన్నగారి భయం, స్నేహితురాలి ఎత్తిపొడుపు, మీ ఉత్సాహం మూడూ దాని మీదే నిలబడి ఉన్నాయి.

వాళ్ళు మీకు చుట్టాల్లా అనిపించడానికి కారణం మీ ఊరి చర్చి. కానీ మీ ఊరి చర్చి అలవాట్లలో చాలా భాగం మొంతాయూ మనుషులు ఎన్నడూ చూడనివి. మీరు పాపసంకీర్తనం చెప్పుకునే ఆ చెక్క అర 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందు నలుగురూ తిరుగుతున్న గుడిలోనే గురువు పక్కన మోకరించి గుసగుసగా చెప్పుకోవాల్సిందే. ప్రతి విశ్వాసి ఏడాదికి ఒక్కసారైనా తన విచారణ గురువుకు పాపాలు చెప్పుకుని, పాస్కా (ఈస్టరు) పండుగకు సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, తీసుకోవాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ శాసించింది. చాలామంది ఆ ఒక్కసారితోనే సరిపెట్టుకునేవారు. మిగతా ఆదివారాల్లో గురువు పైకెత్తిన అప్పాన్ని కళ్ళతో చూడటమే వాళ్ళకు పండుగ. క్రీస్తు సిలువ మోసిన దారిని తలచుకుంటూ మీ నాయనమ్మగారు శుక్రవారం నడిచే స్లీవ మార్గంలో స్థలాలు పద్నాలుగని ఖరారైంది 1731లో. తపస్సు కాలంలో వాళ్ళు మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా మానాలి. ఆలివ్ నూనె దొరకని ఉత్తరాది ఊళ్ళలో అది ఎంత కష్టమంటే, వెన్న తినేందుకు అనుమతి కోరి జనం చెల్లించిన సొమ్ముతో ఫ్రాన్సులోని రువాన్ కెథీడ్రల్‌కు ఒక గోపురమే లేచింది. దాన్ని నేటికీ వెన్న గోపురం అనే పిలుస్తారు.

ఇక పెళ్ళి మాట. 1563లో ట్రెంట్ మహాసభ నిబంధన పెట్టేదాకా, గురువు లేకుండా, సాక్షులు లేకుండా, ఒక ఆడా ఒక మగా "నిన్ను పెళ్ళాడుతున్నాను" అని ఒకరికొకరు చెప్పుకుంటే తిరుసభ దృష్టిలో ఆ పెళ్ళి చెల్లేది. సత్రంలోనో చెట్టు కిందో అనుకున్న ఆ మాటను తరువాత ఒకరు కాదంటే రెండో వారు చర్చి కోర్టుకు ఎక్కేవారు. ఇంగ్లండు చర్చి కోర్టుల కాగితాల్లో ఇలాంటి తగాదాలు కొల్లలు. (ఈ సంగతి మీ అమ్మగారికి ఇప్పుడు చెప్పనక్కరలేదు.)

ఇదంతా మీ దగ్గరితనాన్ని కొట్టిపారేయడానికి రాయలేదు. తపస్సు కాలపు ఆకలి, పండుగ ముందు రాత్రి హడావిడి, పునీతుడికి మొక్కుకుని పని కాకపోతే అలగడం పుస్తకం చదివి నేర్చుకునేవి కావు. వాటి రుచి మీకు తెలుసు, మీతో తరగతిలో కూర్చునే చాలామందికి తెలియకపోవచ్చు. అయితే తెలిసిన మాట కనపడగానే తెలిసిన అర్థమే మనసులోకి వస్తుంది. 'విచారణ' అన్న మాటే తీసుకోండి. మీ ఊళ్ళో అది ఒక గురువు కింద ఉండే ఊళ్ళ సముదాయం, పామియేలో అది బిషప్పు ఎదుట నిలబెట్టి వేసే ప్రశ్న. దగ్గరితనం తలుపు తెరుస్తుంది, లోపల మాత్రం కొత్తవాళ్ళలా మెలగాలి. మీకు కలిగిన ఆ "మరుక్షణం భయం" పనికివచ్చే భయమే, దాన్ని పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ వాంగ్మూలాల చిట్టా సంగతి. మీరు చదివింది ఇంగ్లీషు అనువాదం. దాని వెనుక లాటిన్ ఉంది, లాటిన్ వెనుక ఆ పల్లెల ఆక్సితాన్ భాష ఉంది. సాక్షి తన భాషలో చెబుతుంది. గుమాస్తా గబగబా రాసుకుని లాటిన్‌లోకి మారుస్తాడు. దాన్ని మళ్ళీ ఆమె భాషలో వినిపించి, దిద్దుబాట్లు చేసి శుభ్రప్రతి తీస్తాడు. లాటిన్‌లో ప్రతి వాంగ్మూలంలోనూ "దిక్సిత్ క్వోద్" అని వస్తూ ఉంటుంది, అంటే "ఆమె చెప్పినదేమనగా" అని. అక్కడి నుంచి 'నేను' అన్నది 'ఆమె'గా మారిపోతుంది. మన తెలుగులో "అని" అన్న చిన్న మాట చేర్చి ఎవరి మాటను వాళ్ళ గొంతుతోనే అప్పగించగలం. ఆ గుమాస్తా లాటిన్‌కు ఆ సౌకర్యం తక్కువ. అందుచేత "వాళ్ళ నోటి మాట" అని మీరు మురిసిపోయినది మూడు చేతులు మారిన మాట, పైగా భయం మీద చెప్పిన మాట. ఆ బిషప్పు 370 రోజులు కూర్చుని 578 సార్లు విచారణ జరిపాడు. ఐదుగురు మంటల్లో చనిపోయారు, ఎందరో జైలుకు వెళ్ళారు, ఇంకెందరో శిక్షగా బట్టల మీద పసుపుపచ్చ సిలువలు కుట్టుకుని తిరిగారు. ఆయన 1334లో పన్నెండో బెనెడిక్ట్ పేరుతో పోపు కూడా అయ్యాడు. అంత శ్రద్ధగల మనిషి కాబట్టే చిట్టా అంత వివరంగా ఉంది, ఆ శ్రద్ధే జనానికి ప్రాణాంతకమైంది. ఈ రెండూ కలిసి ఉన్నాయన్నది మరిచిపోకుండా చదవగలిగితే మీరు ఈ పనికి తగినవారే.

ఆ చిట్టాలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేవి బిషప్పుకు అక్కర లేని సంగతులు. ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళి మతభ్రష్టుల బోధ విన్నారన్నది ఆయనకు కావాలి. సాక్షి మాత్రం ఆ మాట చెబుతూ చెబుతూ, అప్పుడు ఫలానా ఆమె ఎండలో కూర్చుని ఫలానా వారి తలలో పేలు చూస్తోందని కూడా చెప్పేస్తుంది. అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని చోట దొర్లిన ఆ పేల ముచ్చటలోనే నిత్యజీవితం దొరుకుతుంది.

చిన్నాన్నగారి మాటకు వస్తాను. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ చదువు మీ విశ్వాసాన్ని ఏమీ చేయదని మీరు ఆయనకు మాట ఇవ్వలేరు, నేను మీకు ఇవ్వలేను. యూదులు వేరుగా కనిపించే దుస్తులు వేసుకోవాలన్నది కూడా ఆ 1215 సభ నిర్ణయమే. 1290లో ఇంగ్లండు, 1306లో ఫ్రాన్సు యూదులను వెళ్ళగొట్టాయి. ప్లేగు మహామారి ఇంకా రాకముందే, బావుల్లో విషం కలిపారన్న పుకారుతో 1349 ఫిబ్రవరిలో స్త్రాస్‌బూర్గ్‌లో యూదులను తగలబెట్టారు. వీటిని పక్కకు నెట్టి మధ్యయుగ మతజీవితాన్ని చదవడం కుదరదు. అలాగే, రోగులకు మంచం వేసినవి, పుస్తకాలకు నకళ్ళు తీసి నిలబెట్టినవి, ఆకలితో వచ్చినవాడికి గుమ్మంలో రొట్టె పెట్టినవి మఠాలేనన్నదాన్ని నెట్టివేసినా చదువు కాదు. ఒక వైపు మాత్రమే వెతికేవారికి రెండు వైపులా కావలసినంత సరుకు దొరుకుతుంది.

ఆయనకు మీరు చెప్పగల ఒక నిజమైన సంగతి ఉంది. అనుమానం ఈ కాలపు జబ్బని, ఆ కాలంలో అందరూ కళ్ళు మూసుకుని నమ్మేవారని మనం అనుకుంటాం. అదే చిట్టాలో ఒర్నొలాక్ అనే ఊరి గియ్యెమెత్ బెనే అన్న రైతు స్త్రీ ఉంది. చనిపోతున్న మనుషుల నోటి వైపు ఆత్మ బయటికి వస్తుందేమోనని చూశానని, గాలి తప్ప మరేమీ కనిపించలేదని, ఆత్మ అంటే నెత్తురే కాబోలని ఆమె అనుకుంది. ఏ పుస్తకమూ చదవని మనిషి, చావు మంచం పక్కన కూర్చుని, తన కళ్ళతో చూసి, తనంతట తాను వేసుకున్న ప్రశ్న అది. అనుమానం రావడానికి విదేశీ విశ్వవిద్యాలయం అక్కరలేదని గియ్యెమెత్‌ను చూపి చెప్పవచ్చు.

చెప్పడంలో మీకు రెండు దారులు ఉన్నాయి. "అది కేవలం చరిత్ర చిన్నాన్నా, దానికీ నా నమ్మకానికీ సంబంధం లేదు" అని సర్దిచెప్పవచ్చు. ఇంట్లో వెంటనే శాంతి దొరుకుతుంది, కానీ రేపు నిజంగానే మీలో ఏదైనా కదిలితే ఆ మాట చెప్పుకోవడానికి ఆ ఇంట్లో మనిషి మిగలరు. లేదా "ఏం జరుగుతుందో నాకూ తెలియదు, చదివేదాన్ని మీతో పంచుకుంటూ ఉంటాను" అనవచ్చు. ఈ దారిలో వాదనలు ఉంటాయి, ఒకటి రెండు పండుగలు ముభావంగా గడవవచ్చు. నేనైతే రెండోదానికి ఇంకొకటి జోడిస్తాను. ఆయన సెమినరీలో కొంత లాటిన్ చదివి ఉంటే, మొదటి పాఠం చెప్పమని ఆయన్నే అడగండి. వద్దన్న మనిషిని గురువుగా కూర్చోబెట్టడం మన ఇళ్ళలో పాత ఉపాయమే.

లాటిన్ గురించి మీరు అనవసరంగా బెదిరిపోతున్నారు. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికి నామవాచకం చివర మారుతూ పోవడం వింతగా ఉంటుంది. మనకు విభక్తులు ఉగ్గుపాలతో వచ్చాయి. 'పుయెల్లా' అంటే అమ్మాయి, 'పుయెల్లామ్' అంటే అమ్మాయిని, 'పుయెల్లే' అంటే అమ్మాయి యొక్క. క్రియ వాక్యం చివర కనిపించినా మీరు తడబడరు. రాతప్రతుల్లో అక్షరం మీద గీత పెడితే అక్కడ మ-కారమో న-కారమో మింగేశారని అర్థం. మన సున్న చేసే పని దాదాపు అదే. పైగా ఈ చిట్టాల లాటిన్ మహాకవుల లాటిన్ కాదు, పదేపదే అవే మాటలు వచ్చే గుమాస్తా లాటిన్, మన దస్తావేజుల్లో "నా స్వసంతోషముతో వ్రాసి యిచ్చిన" అన్నట్టుగా. బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ వారు మధ్యయుగ లాటిన్‌కు, పాత చేతిరాత చదవడానికి ఉచిత పాఠాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. రోజుకు గంట చొప్పున ఎనిమిది నెలలు పట్టుగా కూర్చుంటే చిన్న వాంగ్మూలం నిఘంటువు సాయంతో నెట్టుకురావచ్చునని నా అంచనా. కానీ అక్టోబరులో మొదలుపెట్టి, నాలుగు పేపర్లు రాస్తూ, పార్ట్‌టైం పనికి వెళుతూ, జూన్‌కల్లా సిద్ధాంత వ్యాసానికి లాటిన్ వాడాలంటే అది వేరే లెక్క. ఏడాది మాస్టర్స్‌లో చాలామంది చివరికి అనువాదాల మీదే వ్యాసం రాసేసి బయటపడేది ఇందుకే. ఆ తరువాత పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే మొదట అడిగేది లాటిన్ ఎంత వచ్చునని, రెండోది ఫ్రెంచో జర్మనో చదవగలరా అని.

మీ స్నేహితురాలు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. కాకతి రుద్రమదేవి 1261లో వేయించిన మల్కాపురం శాసనం మీ జిల్లాలోనిదే, నేటి సచివాలయానికి దగ్గరలోనే. గోళకి మఠమనే శైవ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం, వెలగపూడి గ్రామాలు ఇచ్చి, వాటి ఆదాయంతో ఒక మఠం, చదువుకునేవారికి వసతి, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపిన వైనం అందులో ఉంది. అది చెక్కిన నాటికి ఫూర్నియే ఇంకా పుట్టనే లేదు. రాజు గ్రామాలిస్తే మఠం రోగులను చూసిన కథ ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. దీన్ని పట్టుకుని మన దేశంలోనే పరిశోధన చేస్తే, తెలుగు, సంస్కృతం చదవగల మీకు మొదటి రోజు నుంచే మూలాలు చేతికి అందుతాయి, ఖర్చు పదో వంతు, అధ్యాపక ఉద్యోగాల అర్హతకు రాసే నెట్ పరీక్షకు కూడా అదే చదువు పనికొస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో మధ్యయుగ ఐరోపాకంటూ ప్రత్యేకంగా ఉద్యోగం ప్రకటించడం నా సర్వీసులో నేను చూడలేదు. దక్కను చరిత్రకు అరుదుగానైనా చూశాను.

ఆమె మాటలో మిగతా సగం నాకు మింగుడుపడదు. మన ఊరి చరిత్ర మనకు బాకీ, పరాయి ఊరి చరిత్ర విలాసం అన్నట్టు మాట్లాడటం సరి కాదు. మన ఊళ్ళ గురించి ఫ్రెంచివారు, జర్మన్లు, జపానువారు ఎంత ఓపికగా పనిచేశారో ఆమెకూ తెలుసు. వాళ్ళను "మీకెందుకు" అని మనం అడగలేదు. నిష్ఠూరంగా ఉన్నా ఒకటి చెబుతాను: మీ ఉత్తరంలో మొంతాయూ గురించి రాసిన రెండు పేజీల్లో ఉన్న ప్రాణం, కాకతీయుల గురించి రాసిన ఒక్క వాక్యంలో లేదు. మొహమాటం కోసం ఎంచుకున్న పరిశోధన రెండో ఏడు దాటదు. అయితే మల్కాపురం వెళ్ళి ఆ రాయి ముందు ఒక పూట కూర్చుని చూడండి. కూర్చున్నాక కూడా మనసు కొండల వైపే పోతే, అప్పుడది నిజమైన జవాబు.

ఇక రెండెకరాలు. 25 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ళ మీద తీర్చాలంటే, చదువు కాలంలో పెరిగే వడ్డీని వదిలేసినా, నెలకు దాదాపు 34,400 కట్టాలి. తిరిగి వచ్చి ఇప్పటి జీతానికే చేరితే చేతిలో మిగిలేది 14 వేలు, అది కూడా హైదరాబాదులో, పదేళ్ళ పాటు. అక్కడే ఉద్యోగం దొరికితే భారం తేలికవుతుంది. కానీ అది మధ్యయుగాలకు సంబంధించిన ఉద్యోగం అవుతుందని అనుకోకండి. ఈ అంకె నాన్నగారితో కలిసి కాగితం మీద వేయండి. ఆయన మౌనం కోపమో, లెక్క తెలియని భయమో అప్పుడు తెలుస్తుంది. పంతులుగారు కదా, లెక్క చూశాక మాట్లాడతారని నా ఆశ.

ఈ సెప్టెంబరుకే వెళితే ఉత్సాహం వేడిగా ఉన్నప్పుడే వెళ్ళినట్టు అవుతుంది, మంచి గ్రంథాలయాలు, తోటి విద్యార్థులు దొరుకుతారు. లాటిన్ రాకుండా, పూర్తి అప్పుతో వెళ్ళినట్టూ అవుతుంది. సీటును ఒక ఏడు వాయిదా వేయమని రాతపూర్వకంగా అడిగితే ఒప్పుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. డిపాజిట్ కట్టే ముందే అడగండి, వాయిదా వేస్తే ఆ సొమ్ము నిలుస్తుందా పోతుందా అన్నది కూడా. ఆ ఏడాదిలో లాటిన్ ఒక దారికి వస్తుంది, ఉపకార వేతనాలకు గడువులు దాటకుండా దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్రిటన్ ఒక్కటే దారి కాదు: వియన్నాలోని సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీలో మధ్యయుగ అధ్యయనాల విభాగం ఇంగ్లీషులోనే బోధిస్తుంది, ఉపకార వేతనాలూ ఇస్తుంది, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఫీజు తీసుకోవు; చరిత్ర మాత్రం ఎక్కువగా జర్మన్‌లోనే చెబుతారు, జీవన ఖర్చులకు సరిపడా సొమ్ము ముందే చూపాలి.

కాగితం మీద చూస్తే వాయిదాయే మేలని ఎవరైనా అంటారు, నా మొగ్గు కూడా అటే. కానీ మీరు ఆడపిల్ల, 27 ఏళ్ళు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆ ఏడాది మీ చేతిలో ఉంటుందా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. "ఒక్క ఏడు ఆగమ్మా" అన్న మాట ఎన్ని ఇళ్ళలో శాశ్వతంగా ఆగిపోవడంగా మారిందో నా విద్యార్థినుల విషయంలో చూశాను. అందువల్ల వాయిదా అడిగే రోజునే ఇంట్లో ఒక ఒప్పందం కావాలి: వచ్చే సెప్టెంబరు దాకా పెళ్ళి మాట ఎత్తరని, లేదా చదువుకు ఒప్పుకున్న సంబంధమే చూస్తారని. అమ్మగారు, నాన్నగారు ఇద్దరూ ఉన్నప్పుడు, చిన్నాన్నగారి ఎదుట అడగండి. ఆ మాట దొరకకపోతే, అప్పు భారమైనా ఇప్పుడే వెళ్ళడంలో అర్థం ఉంది. అప్పుడైనా పొలం మొత్తం కాకుండా ఎకరమే హామీగా సరిపోతుందేమో, హామీ లేకుండా కొంత మొత్తం దొరుకుతుందేమో రెండు మూడు బ్యాంకుల్లో కనుక్కోండి.

ఎక్కడికీ వెళ్ళకుండా, ఉద్యోగం చేసుకుంటూ దీన్ని సొంత చదువుగా ఉంచుకోవడం ఓటమి అని మీరు రాశారు. నేను అలా అనుకోను. ఆ చిట్టా లాటిన్ పాఠం 1965లోనే మూడు సంపుటాలుగా అచ్చయింది, దాన్ని చదవడానికి డిగ్రీ అడగరు. లోటల్లా, తప్పు చదివినప్పుడు చెవి మెలేసేవారు పక్కన ఉండరు. ఆ లోటు చిన్నది కాదు, సొంతంగా చదివి దారి తప్పిన మేధావులను ఇద్దరు ముగ్గురిని ఎరుగుదును.

చివరగా 'సర్ఫు'. మన పాఠ్యపుస్తకాల్లో 'అర్ధబానిస' అని చూసి ఉంటారు. ఆ మాట నాకు నచ్చదు; అతనికి ఇల్లు ఉంది, సాగు చేసుకునే భూమి ఉంది, కొడుకుకు అది సంక్రమిస్తుంది. పారిస్ పక్కన సాన్-జెర్మాన్-దె-ప్రె మఠం 9వ శతాబ్దం మొదట్లో రాయించిన భూముల చిట్టాలో, ప్రభువు భూమికి కట్టుబడ్డ బోదో అనే రైతు, భార్య ఎర్మెన్‌త్రూద్, ముగ్గురు పిల్లలు పేర్లతో సహా ఉన్నారు. కానీ ఇంగ్లండులో సర్ఫు కూతురి పెళ్ళికి ప్రభువుకు రుసుము కట్టాలి, అతను చనిపోతే ఇంట్లో మేలైన పశువును ప్రభువు తోలుకుపోతాడు, వారానికి కొన్ని రోజులు ప్రభువు పొలంలో కూలి లేకుండా పని చేయాలి. ఆ కూలి లేని పనికి 'వెట్టి' అన్న మాట దగ్గరగా ఉంటుంది. కానీ ఆ మాట అనగానే దొర గడీ, నిజాం కాలపు తెలంగాణ కళ్ళ ముందుకు వస్తాయి, కులం వస్తుంది, అక్కడ లేని లోకం ఒకటి దిగిపోతుంది. 'సర్ఫు' అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు రెండు వాక్యాల్లో వివరించి ముందుకు పొండి.

నెలాఖరుకు ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. విశ్వవిద్యాలయానికి వాయిదా గురించి రేపే రాయండి. జవాబు వచ్చేలోగా గియ్యెమెత్ వాంగ్మూలాన్ని మీ ఊరి యాసలో, 'ఆమె' తీసేసి 'నేను' అని పెట్టి, రెండు పేజీల్లో తెలుగు చేయండి. దాన్ని నాయనమ్మగారికి చదివి వినిపించి, ఆవిడ ఎక్కడ ఆపి ప్రశ్న వేశారో నాకు రాయండి.